మూతపడిన రోజుల్లో జనం ఇచ్చిన పదకొండు పెట్టెలు: ఉంచాలా, తీసేయాలా?

పాతపెట్టె
ఒక చిన్న స్థానిక చరిత్ర మ్యూజియంలో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. జీతం మీద ఉన్నది ఇద్దరమే, మిగతావాళ్లంతా ఇష్టం కొద్దీ వచ్చి చేసేవాళ్లు. 2020 మార్చిలో కరోనా వల్ల తలుపులు మూశాక మొదటి నెలంతా రోజుకో వస్తువు ఫొటో పెట్టి, కింద నాలుగు మాటలు రాశాం. పట్టుమని పదిమంది కూడా చూడలేదు. అప్పుడు పద్ధతి మార్చాం. మా దగ్గర ఉన్నది చూపించడం ఆపి, జనం దగ్గర ఉన్నది అడగడం మొదలుపెట్టాం. "ఈ రోజు మీ కిటికీలోంచి ఏం కనిపిస్తోందో రాసి పంపండి" అన్నాం. "ఈ ఫొటోలో ఉన్నవాళ్లు ఎవరో తెలిస్తే ఫోను చేయండి" అన్నాం. గట్టు తెగినట్టు వచ్చిపడ్డాయి. ఉత్తరాలు, డైరీలు, పిల్లల బొమ్మలు, ఇంట్లో కుట్టిన మాస్కులు, ఫోనులో చెప్పిన జ్ఞాపకాలు. మళ్లీ తలుపులు తెరిచేనాటికి పదకొండు పెట్టెలు నిండాయి.

ఇప్పుడు కొత్త కమిటీ వచ్చింది. గదిలో చోటు చాలడం లేదంటున్నారు. "ఇది చరిత్ర కాదు, చెత్త" అని ఒక సభ్యుడు సమావేశంలోనే అన్నారు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వచ్చే నెలలో నిర్ణయం తీసుకుంటారు. ఇందులో సగానికి పైగా నమోదు పుస్తకంలోకి ఎక్కలేదన్నది నిజమే. వీటిని కాపాడుకోవడం ఎలా? ఇలాంటి పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

తాళంచెవి
కమిటీతో వాదనకు దిగకముందే నమోదు పుస్తకం ముందేసుకుని కూర్చోండి. పుస్తకంలో లేని వస్తువు మ్యూజియంలో ఉన్నా లేనట్టే. రేపు ఎవరైనా ఎత్తి బయట పెడితే అడగడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

సూటిమాట
కమిటీ మాట కటువుగా ఉంది కానీ పూర్తిగా తప్పు కాదు. మ్యూజియం పనే ఎంచుకోవడం. ఆ రోజుల్లో అందరూ భయంలో ఉన్నారు, ఒంటరిగా ఉన్నారు, అడిగిందల్లా ఇచ్చారు. గదినిండా మాస్కులు దాచి వచ్చే తరానికి ఏం చెబుతారు? ఒకటి చాలు. పిల్లల బొమ్మలూ అంతే, పదింట్లో ఎనిమిది ఇంద్రధనుస్సులే అయి ఉంటాయి.

పాతపెట్టె
సూటిమాట గారూ, మాస్కులు 64 ఉన్నాయి. ఒకటి ఎందుకు చాలదో చెబుతాను. ఒకావిడ పంపిన మాస్కులో నోటి దగ్గర గుడ్డ కత్తిరించి, అక్కడ పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క కుట్టారు. చుట్టూ దగ్గర దగ్గరగా చేతి కుట్లు. ఒక మూల నుంచి దారం రంగు మారింది, మొదటిది అయిపోయినట్టుంది. ఆవిడ కొడుక్కి వినిపించదు. పెదవుల కదలిక చూసి మాట తెలుసుకుంటాడు. అందరూ మూతి కప్పుకున్నాక ఆ పిల్లవాడికి ఇంట్లో అమ్మ మాట కూడా అందకుండా పోయింది. కాగితం ముక్క మీద రాసి జత చేశారు కాబట్టి మాకు తెలిసింది. మిగతా 63లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. ఇంకా అన్నీ విప్పి చూడలేదు.

సూటిమాట
అది ఉంచాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ మీరు చెప్పిన దాంట్లోనే నా వాదన ఉంది. కథ తెలిసినది ఉంచండి, తెలియనిది వదిలేయండి. అయిదేళ్లు దాటినా విప్పి చూడని పెట్టెను ఇంకో అయిదేళ్లకు విప్పుతారా?

నీలిసిరా
ఇక్కడ నేను సూటిమాట గారితో ఏకీభవించను. ఏది విలువైనదో ఆ తరంవాళ్లకు తెలియదు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచమంతటా ఎన్నో కోట్ల మందిని బలి తీసుకుంది, అయిదు కోట్ల దాకా ఉండవచ్చని ఒక అంచనా. అదే ఏడాది ముగిసిన ప్రపంచ యుద్ధానికి స్మారక స్తంభాలు, పతకాలు, సైనికుల దుస్తులు, ఉత్తరాలు ఎన్నో దేశాల మ్యూజియంలలో గదులకు గదులు దొరుకుతాయి. ఆ జ్వరానికి మాత్రం దొరికేది చాలా తక్కువ. ఇంట్లో కట్టుకున్న మూతిగుడ్డను దాచాలని ఎవరికి తోస్తుంది? చరిత్రకారులు దాన్ని "మరచిపోయిన మహమ్మారి" అనడానికి ఇదీ ఒక కారణమే. 2020లో మనలో చాలామంది వందేళ్ల కిందటి జనం ఎలా తట్టుకున్నారో తెలుసుకోవాలని వెతికాం. దొరికినవి ఎక్కువగా ప్రభుత్వ ప్రకటనలు, ఆసుపత్రి ఫొటోలు.

దీనికి ఎదురుగా ఇంకొకటి చూడండి. బ్రిటన్‌లో మాస్ అబ్జర్వేషన్ అనే సంస్థ 1937లో మొదలైంది. ఆ ఏడాది మే 12, ఆరవ జార్జి పట్టాభిషేకం. ఆ రోజు మీరేం చేశారో, ఏం విన్నారో రాయండని మామూలు మనుషులను అడిగారు. రాజు గురించి పత్రికలు ఎటూ రాస్తాయి. ఆ పూట వంటింట్లో ఎవరు ఏమనుకున్నారన్నది మాత్రం ఈ కాగితాల్లోనే మిగిలింది. 2020 మే 12న కూడా అలాగే ఒక్కరోజు డైరీలు రాయమని అడిగారు. రెండూ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం ఇవాళ ఉందంటే, 1937లో ఎవరూ "ఇది చెత్త" అని పారేయలేదు కాబట్టే.

తాళంచెవి
నీలిసిరా గారి మాటకు చిన్న చేర్పు. ఆ డైరీలు నిలిచింది దాచడం వల్ల మాత్రమే కాదు, ఎవరు ఎప్పుడు రాశారో పద్ధతిగా నమోదు చేయడం వల్ల. మళ్లీ పుస్తకం దగ్గరికే వస్తున్నాను, క్షమించాలి.

మూడోవరుస
ఫొటోలో ఉన్నవాళ్లు ఎవరని పాతపెట్టె గారు జనాన్ని అడిగినట్టే మేమూ అడిగాం. నా పేరు అక్కడి నుంచే వచ్చింది.

మా దగ్గర ఒక గుంపు ఫొటో ఉండేది. వెనక పెన్సిల్‌తో "వంతెన పని" అన్న రెండు మాటలే. తారీకు లేదు, పేర్లు లేవు. నలభై మంది మూడు వరుసల్లో నిలబడి ఉంటారు. మూసేసిన రెండో నెలలో స్కాన్ చేసి పెట్టి, ఎవరైనా గుర్తుపడతారా అని అడిగాం. మొదట వంతెన ఏది అన్న దాని మీదే పెద్ద చర్చ. ఒకరు స్తంభాల ఆకారం బట్టి చెప్పారు, ఇంకొకరు కాదన్నారు. నాలుగో రోజు ఒక పెద్దావిడ ఫోను చేశారు. మనవరాలు తెర మీద ఫొటో పెద్దది చేసి చూపించిందట. "మూడో వరుసలో కుడి చివర చేతికి గుడ్డ చుట్టుకున్న మనిషి మా నాన్న" అన్నారు. మేము ఆ ఫొటో ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. ఆ గుడ్డ మాత్రం చూడలేదు. వెళ్లి భూతద్దం పెట్టి చూస్తే నిజంగానే ఎడమ చేతి రెండు వేళ్లకు తెల్లగా కట్టు ఉంది. ఆ ఉదయమే వేళ్లు రాయి కింద పడ్డాయట. ఇంటికి వెళ్తే ఆ రోజు కూలి రాదని పనిలోనే ఉండిపోయారట, ఫొటో తీసేవాళ్లు వస్తే నిలబడ్డారట.

ఆవిడ ద్వారా ఇంకో ఆరుగురి పేర్లు తెలిశాయి. ఆ ఆరుగురి ఇళ్ల నుంచి మరికొన్ని. ఇవాళ నలభై మందిలో ఇరవై మూడు పేర్లు మా దగ్గర ఉన్నాయి. తలుపులు తెరిచి ఉన్న ఇన్నేళ్లలో ఒక్క పేరూ రాలేదు.

వేగుచుక్క
ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఆ పెద్దావిడ మాటలు రికార్డు చేశారా?

మూడోవరుస
మొదటి ఫోను చేయలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. రెండోసారి అనుమతి అడిగి చేశాం. మొదటిసారి మాట్లాడినప్పుడు ఉన్న ఆ ఆవేశం రెండోసారి లేదు. ఫోను పక్కన ఎప్పుడూ రికార్డరు సిద్ధంగా పెట్టుకోండి, అడిగి నొక్కండి.

వేగుచుక్క
జనంతో కలిపి గుర్తుపట్టించడం కొత్తది కాదనుకుంటాను. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008లోనే ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సైట్‌లో పాత ఫొటోలు పెట్టి, తెలిసిన వివరాలు చెప్పమని అడిగింది. మహమ్మారి రోజుల్లో పెద్ద మ్యూజియంలూ ఇంకోరకంగా జనాన్ని కలుపుకున్నాయి. అమెరికాలోని గెట్టీ మ్యూజియం 2020 మార్చి చివర్లో, ఇంట్లో ఉన్న మూడు వస్తువులతో మీకు నచ్చిన కళాఖండాన్ని మళ్లీ తయారు చేయండని అడిగితే దుప్పట్లు, గరిటెలు, పెంపుడు కుక్కలతో జనం ఎన్ని చిత్రాలు పంపారో! ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ మ్యూజియం ఏప్రిల్‌లో "మీ దగ్గర ఉన్న అత్యంత భయపెట్టే వస్తువు చూపించండి" అని మిగతా మ్యూజియంలను పిలిచింది. వాళ్లు పెట్టింది ఒక రోమన్ స్త్రీ సమాధిలో దొరికిన జుట్టు ముడి, పిన్నులు ఇంకా దానిలోనే గుచ్చి ఉన్నాయి. నాకు రెండు రోజులు కల్లోకి వచ్చింది!

సూటిమాట
అవి వినోదం. బాగున్నాయి, కాదనను. కానీ దుప్పటి చుట్టుకుని ఫొటో దిగినవాడికీ ఆ మ్యూజియానికీ మర్నాటికి సంబంధం ఏముంది? మూడోవరుస గారు చెప్పినది వేరు. అక్కడ జనం ఇచ్చిన సమాచారం వస్తువుకు శాశ్వతంగా అతుక్కుంది.

వేగుచుక్క
వినోదం కూడా అవసరమైన రోజులవి. ఇల్లు కదలలేని పిల్లలతో నేను అలాంటి నాలుగు చిత్రాలు చేశాను. మా అబ్బాయి తాను అనుకరించిన చిత్రకారుడి పేరు ఇప్పటికీ మరచిపోలేదు.

కాపలామనిషి
నేను మ్యూజియంలో రాత్రి కాపలా. ఆ రోజుల్లో లోపల అడుగుపెట్టింది దాదాపు నేనొక్కడినే. అమెరికాలో నేషనల్ కౌబాయ్ మ్యూజియం మూతపడినప్పుడు వాళ్ల ట్విట్టర్ ఖాతాను భద్రతా అధికారి చేతికే ఇచ్చారు. ఆయన తనకు తెలిసినట్టుగా, సూటిగా, ఆప్యాయంగా రాస్తే లక్షల మంది చూశారు. అది చదివి మా అధికారి నన్నూ అడిగారు. నేను రాత్రిపూట గదుల్లో తిరుగుతూ వినిపించే చప్పుళ్ల గురించి చెప్పాను. ఏ బీరువా ఎప్పుడు కిర్రుమంటుందో, వాన పడితే ఏ మూల వాసన మారుతుందో. వాళ్లు అది ఫోనులో రికార్డు చేసి పెట్టారు. జనం ప్రశ్నలు పంపారు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరైనా ప్రశ్న అడగడం అదే మొదలు.

ఇంకో మాట. మూసి ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. నెదర్లాండ్స్‌లో సింగర్ లారెన్ మ్యూజియం మూతపడి ఉండగా 2020 మార్చి 30న ప్రసిద్ధ చిత్రకారుడు వాన్‌గో గీసిన చిత్రం ఎత్తుకెళ్లారు. అది ఆయన పుట్టినరోజు కూడా. మూడేళ్ల తరవాత, 2023 సెప్టెంబరులో గానీ తిరిగి దొరకలేదు.

నీలిసిరా
కాపలామనిషి గారూ, ఆ చప్పుళ్ల రికార్డు మీ మ్యూజియం నమోదులో ఉందా? లేకపోతే ఎక్కించమని అడగండి. అదీ ఆ సంస్థ చరిత్రే.

కాపలామనిషి
రేపే అడుగుతాను.

దూరపుదీపం
ఇంతసేపూ అందరూ తెర మీద జరిగిన వాటి గురించే మాట్లాడుతున్నారు. తెర లేనివాళ్ల మాట? 2020 మేలో యునెస్కో చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో 90 శాతం మ్యూజియంలు, అంటే 85,000కు పైగా మూతపడ్డాయి. ఆఫ్రికాలోనూ చిన్న ద్వీప దేశాల్లోనూ ఆన్‌లైన్‌లో ఏదైనా అందించగలిగినవి 5 శాతమే. స్థానిక చరిత్ర ఎవరి దగ్గర ఉంటుంది? ఎక్కువగా వయసు మళ్లినవాళ్ల దగ్గర. వాళ్లలో ఎందరు ఇంటర్నెట్‌లో ఉంటారు?

మేము ఫోను వరస పెట్టుకున్నాం. ఒక్కో స్వచ్ఛంద కార్యకర్తకు అయిదుగురు పెద్దవాళ్లు. వారానికి ఒకసారి ఫోను. మొదట మ్యూజియం మాట ఎత్తకూడదు అన్నది మా నియమం. తిన్నారా, మందులు ఉన్నాయా, ఎవరైనా వచ్చి చూస్తున్నారా, అదే ముందు. మూడో వారానికి వాళ్లే "మీ దగ్గర ఆ పాత మిల్లు ఫొటో ఉందా" అని అడిగేవాళ్లు. ఫోను లేనివాళ్లకు ఒక పాత ఫొటో అచ్చు వేసి, వెనక ఖాళీ వదిలి, తిరుగు టపా బిళ్ల అంటించి పంపాం. 200 పంపితే 71 తిరిగి వచ్చాయి. కొన్నింటి వెనక చోటు చాలక అంచుల వెంబడి తిప్పి తిప్పి రాశారు.

ఆ వరసలో ఇద్దరు ఆ ఏడాదే పోయారు. వాళ్లతో వారం వారం మాట్లాడిన అమ్మాయి ఇప్పుడు మా కార్యవర్గంలో ఉంది.

వెండిపురుగు
వస్తువులను భద్రపరచడం నా వృత్తి. అందరూ ఉంచాలా వద్దా అని వాదిస్తుంటే ఆ పెట్టెల్లో ఏం జరుగుతోందో ఎవరూ అడగలేదు. పాతపెట్టె గారూ, ముందు ఇవి చూడండి.

మాస్కుల రబ్బరు నాడాలు కొన్నేళ్లకే పెళుసుబారి గుడ్డకు అంటుకుంటాయి. ఒకదాని మీద ఒకటి పడేయకుండా మధ్యలో ఆమ్లం లేని పల్చటి కాగితం పెట్టండి. దుకాణం రశీదులు వేడితో అచ్చయ్యే కాగితం మీదివైతే అక్షరాలు మాయమైపోతాయి, ఈ వారమే ఫొటో తీయండి. అంటుటేపు ఉన్న బొమ్మలు విడిగా పెట్టండి, ఆ జిగురు పక్క కాగితానికి పాకుతుంది. గదిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. కదిలించని చీకటి పెట్టె అంటే బట్టల చిమ్మటలకు, నా పేరుగల పురుగులకు ఇష్టమైన చోటు. మూతపడిన నెలల్లో మనుషుల అలికిడి లేక చాలా మ్యూజియంలలో ఈ పురుగుల బెడద పెరిగింది. గుడ్డలో పురుగు కనిపిస్తే పాలిథీన్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. క్రిమిసంహారక ద్రవం మాత్రం చల్లకండి. 2020లో భయం కొద్దీ వస్తువుల మీద చల్లి, రంగులు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను.

పాతపెట్టె
ఇప్పుడే వెళ్లి నాలుగో పెట్టె తెరిచాను. రశీదులు 30 దాకా ఉన్నాయి, సగం తెల్ల కాగితాలైపోయాయి. ఒకదాని మీద కింద మొత్తం మాత్రమే మిగిలింది. ఈ పాపం నాదే. ఇవాళ రాత్రే మిగతావి ఫొటో తీస్తాను.

వెండిపురుగు
బాగా కాంతి ఉన్న చోట, పక్కన చిన్న కొలబద్ద పెట్టి తీయండి. తీసినవి వాట్సాప్‌లో పంపుకోకండి, అక్కడ ఫొటో నాణ్యత తగ్గిపోతుంది. మూల ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి, ఒకటి వేరే భవనంలో. ఫోను జ్ఞాపకాల రికార్డులకూ ఇదే.

రాతిపలక
నేను మ్యూజియంలో పని చేసేవాణ్ని కాదు. అలాంటి పెట్టెలో నా డైరీ ఉంది. ఉందనుకుంటున్నాను.

బడి పంతులుగా రిటైరయ్యాను. ఒక మ్యూజియం అడిగితే 2020 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా రోజూ రాశాను. నోటు పుస్తకం, 140 పేజీలు. మా ఆవిడ జబ్బు పడిన రోజులు కూడా అందులోనే ఉన్నాయి. నకలు తీసుకోలేదు, వాళ్ల దగ్గర భద్రంగా ఉంటుంది కదా అనుకున్నాను. అందినట్టు ఒక్క ముక్క రాలేదు. రెండుసార్లు ఫోను చేశాను. అప్పుడు చూసుకున్నవాళ్లు వెళ్లిపోయారన్నారు. మీరంతా ఉంచాలా పారేయాలా అంటున్నారు. ఇచ్చినవాళ్లను ఎవరైనా అడిగారా?

సూటిమాట
మాస్టారూ, మీ మాట నన్ను ఆపేసింది. కథ లేనివి వదిలేయండి అన్నాను. కథ ఉంది, అడగాల్సినవాళ్లు అడగలేదు అన్న సంగతి నాకు తట్టలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చోటు లేదన్నది ఇప్పటికీ నిజమే, కానీ ఇచ్చినవాళ్లకు చెప్పకుండా ఒక్క కాగితం కూడా కదలకూడదు.

తాళంచెవి
పాతపెట్టె గారికి కమిటీ ముందు ఇదే ఆధారం. అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022 ఆగస్టులో ప్రాగ్‌లో ఆమోదించిన కొత్త నిర్వచనంలో, మ్యూజియంలు సమాజాల భాగస్వామ్యంతో పని చేస్తాయని స్పష్టంగా రాశారు. మీరు మూసి ఉన్నప్పుడు చేసింది మ్యూజియం పనే. దానితో పాటు ప్రతి డైరీకి అంగీకార పత్రం కావాలి. జబ్బులు, చావులు, ఇరుగుపొరుగు పేర్లు ఉంటాయి. ఇప్పుడే చూపించవచ్చా, ఇన్నేళ్లు ఆగాలా, పేరు తీసేయాలా అన్నది రాసినవాళ్లు చెప్పాలి.

మూడోవరుస
రాతిపలక మాస్టారూ, మీ పుస్తకం అట్ట రంగు, రాసిన నెలలు చెప్పి రాతపూర్వకంగా అడగండి. ఫోను కన్నా కాగితానికి జవాబు ఇవ్వక తప్పదు.

రాతిపలక
గోధుమ రంగు అట్ట. మొదటి పేజీలో సిరా ఒలికిన మరక ఉంటుంది. రాస్తాను.

పాతపెట్టె
మూడు వారాలు ఇటు రాలేకపోయాను. మాస్టారి మాట చదివాక కమిటీకి రాయడం పక్కన పెట్టి ముందు ఫోన్లు మొదలుపెట్టాం. 186 మంది ఇచ్చారు, 112 మందితో మాట్లాడగలిగాం. తొమ్మిది మంది తమవి తిరిగి కావాలన్నారు, ఇచ్చేస్తున్నాం. ఒకాయన తన డైరీలో రెండు పేజీలు ఎవరికీ చూపించవద్దన్నారు. తొలి నెలలో కిటికీలోంచి మనుషులను లెక్కపెట్టి రోజుకో గీత గీసిన పిల్లవాడికి ఇప్పుడు పదిహేనేళ్లు. ఆ గీతల కాగితం ఇంకా ఉందా అని ఆశ్చర్యపోయాడు, వచ్చి చూస్తానన్నాడు. చాలామంది అడిగింది ఒకటే, "అయితే అవి ఉన్నాయా?"

వచ్చే శనివారం వీలున్నవాళ్లు వచ్చి తమ వస్తువు వివరాలు తామే చెబుతారు, మేము నమోదు పుస్తకంలో ఎక్కిస్తాం. కమిటీ సభ్యులనూ పిలిచాను. చెత్త అన్న ఆయన వస్తానన్నారు. మాస్కు పంపిన ఆవిడ, వాళ్లబ్బాయి కూడా వస్తున్నారు.

వేగుచుక్క
ఏం జరిగిందో తప్పకుండా రాయండి, ఎదురు చూస్తుంటాం.

రాతిపలక
నాకు నిన్న ఉత్తరం వచ్చింది. మరక ఉన్న పుస్తకం దొరికిందట.

వెండిపురుగు
మాస్టారూ, వెళ్లినప్పుడు నకలు తీయించుకోండి. పాతపెట్టె గారూ, శనివారం బల్ల మీద పెన్నులు ఉంచకండి, పెన్సిళ్లు మాత్రమే. నమోదు అంకె వస్తువు మీద వేయకండి, దారంతో కట్టిన చీటీ మీద వేయండి.